నేల, బట్టల మెషీను కూడా సంఘం పనే

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒంగోలు. ఉద్యోగులం కొందరం కలిసి పెట్టుకున్న గృహ నిర్మాణ సహకార సంఘం కట్టిన 24 ఫ్లాట్ల బిల్డింగులో పదకొండేళ్లుగా ఉంటున్నాం. నేను హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను, మూడేళ్లుగా మా సంఘం లెక్కలు నేనే చూస్తున్నాను. మీ పత్రికలో ఇళ్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా చదువుతాను. స్థలం ధర ఎంత, చదరపు అడుగు ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత, రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఇవే ఉంటాయి. ఆ ఇంట్లో మనిషి కాలు పెట్టే నేల ఎలా ఉండాలి, బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి, పిండి ఎక్కడ రుబ్బుకోవాలి అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. మా సంఘం కూడా అలాగే ఆలోచించింది. స్థలం కొన్నాం, అప్పు తెచ్చాం, స్లాబులు పోశాం, గోడలు లేపాం, ఇక్కడితో సంఘం పని అయిపోయింది, మిగతాది ఎవరి తిప్పలు వాళ్లవి అనుకున్నాం. అది ఎంత పెద్ద తప్పో తెలియడానికి ఒక పెద్దాయన తుంటి ఎముక విరగాల్సి వచ్చింది.

ముందు ఆ సంగతి చెబుతాను. చీమకుర్తి మాకు ఇరవై కిలోమీటర్లు. అక్కడి బ్లాక్ గెలాక్సీ రాయి నల్లగా, లోపల బంగారు చుక్కలు చల్లినట్టు ఉంటుంది, ఓడలెక్కి ఎక్కడెక్కడి దేశాలకో పోతుంది. అలాంటి రాయి మన జిల్లాలోనే పుడుతుంటే మన మెట్లకు మనం వేసుకోకపోతే ఎలా అని మీటింగులో ఒకరన్నారు, అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. కాంట్రాక్టరు వరండాలకు, మెట్లకు, లిఫ్టు ముందు జాగాకు అద్దంలా పాలిష్ పట్టిన బండలు పరిచాడు. చూడటానికి ఎంతో బాగుంది. తడిస్తే ఏమవుతుందని 24 కుటుంబాల్లో ఒక్కరం కూడా అడగలేదు. మన దగ్గర వానలు ఎప్పుడు పడతాయో తెలిసిందే, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే గాలికి జల్లు వరండాల్లోకి కొడుతుంది, రెండు మూడు రోజులు నేల ఆరదు. అలాంటి ఒక రోజు పొద్దున్నే పాల ప్యాకెట్ తీసుకుందామని తలుపు తీసిన మా పై అంతస్తు పెద్దాయన రెండడుగులు వేసి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు, ఇప్పటికీ వాకర్ లేనిదే నడవలేరు. అంతకుముందు వారంలోనే ఇద్దరు పిల్లలు, మా బిల్డింగులో ఇళ్లల్లో పనిచేసే ఒకమ్మాయి అదే చోట జారారని తర్వాత తెలిసింది. పిల్లలు లేచి పరుగెత్తారు, ఆ అమ్మాయి మోకాలు వాచినా ఎవరికీ చెప్పుకోలేదు. అప్పుడే అడిగి ఉంటే పెద్దాయన పడేవారు కాదు కదా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాయిదేం తప్పు లేదు. అదే గ్రానైట్‌ను మంటతో కాల్చి పైపొర చిట్లేలా చేస్తే గరుకుగా తయారవుతుంది, దాన్ని ఫ్లేమ్డ్ అంటారు, తోలులాగా కాస్త ఎగుడుదిగుడుగా ఉంచేదాన్ని లెదర్ ఫినిష్ అంటారు. పాలిష్ బండ హాల్లో వేసుకోవచ్చు, జల్లు కొట్టే వరండాలో, మెట్ల మీద, బాత్‌రూమ్‌లో వేయకూడదు, అంతే. టైల్స్ అయితే షాపుకు వెళ్లి యాంటీ స్కిడ్ ఇవ్వండి అంటే చేత్తో తడిమి కొంచెం గరుకుగా ఉన్నది ఏదో ఒకటి తీసి చూపిస్తారు. అలా కొనకండి. టైల్‌కు ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా ఒక నంబరు ఉంటుంది. నూనె పూసిన వాలు బల్ల మీద మనిషిని నడిపించి, ఎంత వాలు దాకా జారకుండా నిలబడగలడో చూసి ఆ నంబరు ఇస్తారు. ఆర్ 9 అన్నిటికన్నా తక్కువ. తడి పడే చోట ఆర్ 11 అడగండి. అది బూట్లు వేసుకుని చేసే పరీక్ష, ఒట్టి కాళ్లతో నడిచే చోట్లకు ఏ, బి, సి అని ఇంకో వరస ఉంది, అందులో సి అన్నిటికన్నా బాగా పట్టు ఇచ్చేది. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం కాబట్టి బాత్‌రూమ్‌కు ఆ అక్షరం కూడా చూడాలి. ఇవి తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, సంఘంలో ఒక్కరు కేటలాగు అడిగి తెప్పించుకుంటే 24 ఇళ్లకు పనికొస్తుంది. ఎవరికి వాళ్లం కొనుక్కుంటే 24 మందిలో ఇరవై మందిమి రంగు చూసి కొంటాం.

పెద్దాయన పడ్డ తర్వాత బండలన్నీ పీకేద్దామంటే డబ్బు లేదు. మెట్ల అంచుల్లో మెషీన్‌తో మూడేసి గాట్లు కోయించాం, వరండాల్లో నడిచే దారి మేరకు రెండడుగుల వెడల్పున రాయి పైపొర గరుకు కొట్టించాం. అప్పుడు కూడా మా గుమ్మం ముందు వద్దు, అందం పోతుంది అన్నవాళ్లు ఉన్నారు. ఆ మాట విని నాకు చాలా కోపం వచ్చింది, మీటింగులోనే గట్టిగా మాట్లాడాను. మన మార్కాపురం రాయి, బడి పలకలకు వాడిన రాయి, అది పొరలుగా విడుతుంది, దాని ముఖమే గరుకుగా ఉంటుంది, వరండాకు అది వేసి ఉన్నా సరిపోయేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పటి మన జిల్లాలో ఆ కొసన ఒక రాయి, ఈ కొసన ఒక రాయి ఉండి కూడా దేన్ని ఎక్కడ వాడాలో కూర్చుని ఒక్క గంట మాట్లాడుకోలేదు.

ఇంటి లోపలి నేల ఎవరి ఇష్టం వాళ్లది కదా అంటారు. అక్కడా సంఘానికి పని ఉంది. మా బిల్డింగులో ఒకాయన అమ్మాయి పెళ్లి ముందు పాత టైల్స్ తీయకుండానే వాటి మీద సిమెంటు పోసి గ్రానైట్ పరిపించడం మొదలుపెట్టారు. టైల్స్ పీకితే దుమ్ము, చప్పుడు, అందుకని. లెక్క వేసి చూడండి. రెండు సెంటీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది, దాని కింద నాలుగు సెంటీమీటర్ల ఇసుక సిమెంటు ఇంకో 80 కిలోలు. రెండూ కలిపి 130 దాటింది. ఇళ్ల స్లాబులకు మనుషులు, సామాను కలిపి మోయడానికి మన దేశంలో ఇంజినీర్లు వేసే లెక్క చదరపు మీటరుకు 200 కిలోలు. అంటే ఆ ఇంట్లో మంచం, బీరువా, చుట్టాలు రాకముందే కొత్త నేల ఒక్కటే అందులో సగానికి పైగా తినేసింది. వంద చదరపు అడుగుల గదికి టన్నుంపావు బరువు కొత్తగా ఎక్కించినట్టు. మా మేస్త్రికి ఆ లెక్క తెలియదు, ఇంటాయనకూ తెలియదు, కింద ఇంట్లో పడుకునేవాళ్లకు అసలే తెలియదు. ఆపించాం. ఆయన నొచ్చుకున్నారు, మూడు నెలలు మాతో మాట్లాడలేదు, తర్వాత మామూలయ్యారు. బాత్‌రూమ్ నేల విషయమూ ఇంతే, టైల్స్ మార్చేటప్పుడు కింద ఉన్న వాటర్‌ఫ్రూఫింగ్ పొర తెగితే నీళ్లు దిగేది కింద ఇంటి సీలింగ్‌లోకి. అందుకే నేల మార్చాలంటే ముందు సంఘానికి కాగితం ఇవ్వాలి, పాత నేల తీసే కొత్తది వేయాలి, బాత్‌రూమ్ అయితే నీళ్లు కట్టి 24 గంటలు ఉంచి కింద చెమ్మ దిగడం లేదని చూపించాకే టైల్స్ వేయాలి అని తీర్మానం రాసుకున్నాం.

ఇంకొకటి, చిన్నదే గానీ చెప్పాలి. మన ఇళ్లల్లో గిన్నెలు తోమే చోట, బట్టలుతికే చోట కడప బండ, బేతంచెర్ల బండ వేస్తారు. అవి మంచి బండలే, చల్లగా ఉంటాయి, చవక కూడా. కానీ అవి సున్నపురాయి జాతి. మరకలు పోవాలని బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే బుసబుస పొంగి రాయి తినుకుపోతుంది, గుంటలు పడతాయి, అందులో మురికి చేరుతుంది, మళ్లీ యాసిడ్ పోస్తారు. టైల్స్ మధ్య సిమెంటు సందులకూ అదే గతి. సబ్బు నీళ్లు, గట్టి చీపురు చాలు.

ఇక మెషీన్ల సంగతి. మా అమ్మాయి ఉద్యోగం స్వీడన్‌లో. రెండేళ్ల కిందట మూడు నెలలు వెళ్లి ఉండి వచ్చాను. వాళ్లుండేది కూడా సహకార సంఘం ఇల్లే. మొదటి వారం వాళ్లింట్లో వాషింగ్ మెషీన్ ఎక్కడుందా అని వెతికాను, లేదు. బిల్డింగ్ కింది భాగంలో అందరికీ కలిపి ఒక గది ఉంది, త్వెట్‌స్టూగ అంటారు. రెండు మూడు పెద్ద మెషీన్లు, బట్టలు ఆరబెట్టే గది, మడతలు పెట్టుకునే బల్ల. గోడకు ఒక చెక్క బోర్డు, దాని మీద తేదీలు, గంటలు, ప్రతి ఇంటికీ ఒక చిన్న తాళం, మనకు కావలసిన గంట దగ్గర ఆ తాళం పెట్టేసి వస్తే ఆ సమయం మనది. బయటికి వచ్చేటప్పుడు మెషీన్ తుడిచి, దూది చేరిన జల్లెడ శుభ్రం చేసి రావాలి, ఆ పని చేయకపోతే పక్కవాళ్లు చీటీ అంటించి పోతారట. ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, అక్కడి హెచ్ఎస్‌బి అనే ఇళ్ల సహకార సంస్థ 1923లో మొదలైంది, ఆ దశాబ్దం నుంచే వాళ్ల ఇళ్ల కింద ఇలాంటి గదులున్నాయి. ఆడవాళ్లు చలిలో బట్టలు ఉతుక్కునే బాధ తప్పించడం ఇల్లు కట్టేవాళ్ల పనే అని వాళ్లు వందేళ్ల కిందటే అనుకున్నారు. మన దేశంలో మొదటి గృహ నిర్మాణ సహకార సంఘం 1909లో బెంగళూరులో పుట్టింది, అంటే మనమేమీ వెనక మొదలుపెట్టలేదు, మరి మన సంఘాలు ప్లాట్లు పంచడం దగ్గరే ఎందుకు ఆగిపోయాయో నాకు అర్థం కాలేదు.

తిరిగొచ్చాక మీటింగులో చెప్పాను. మా దాంట్లో పది ఇళ్లకు సొంత మెషీన్లున్నాయి, పద్నాలుగు ఇళ్లకు లేవు. కొందరికి కొనే స్తోమత లేదు, కొందరికి పెట్టుకునే చోటు లేదు. ఇంట్లో ఉన్న మెషీన్ కూడా రోజుకు ఒక గంట తిరుగుతుంది, మిగతా ఇరవై మూడు గంటలు బాల్కనీలో చోటు తింటూ కూర్చుంటుంది. సరే, సంఘం డబ్బుతో ఒక మెషీన్ కొన్నాం, వాచ్‌మన్ గది పక్కన మెట్ల కింద పెట్టాం. నాలుగు నెలల్లో మూలపడింది. ఎందుకు మూలపడిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే మా తప్పులు ఇంకొకరు చేయకూడదు.

మొదటిది, సమయం రాసుకునే పద్ధతి లేదు. ఆదివారం పొద్దున ఆరు బకెట్లు వరుసలో ఉండేవి, ముందు ఎవరు పెట్టారన్నదే గొడవ. రెండోది, కరెంటు కామన్ మీటరు మీద నడిచేది, సొంత మెషీన్లు ఉన్నవాళ్లు మేమెందుకు కట్టాలి అన్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. మూడోది నేల. మెట్ల కింద పాత టైల్స్ డొల్లగా ఉన్నాయి, మెషీన్ గిరగిర తిరిగేటప్పుడు అదురుకు రెండు టైల్స్ పగిలాయి, నీళ్లు పోవడానికి వాలు లేక మడుగు కట్టేది, ఆ తడిలోనే ప్లగ్గు పెట్టేవాళ్లు. ఎవరికీ షాక్ కొట్టకపోవడం మా అదృష్టం. నాలుగోది నీళ్లు. మాకు మున్సిపల్ నీళ్లు రోజూ రావు, వాడకానికంతా బోరు నీళ్లే, అవి ఎంత ఉప్పగా ఉంటాయో ఒంగోలు వాళ్లకు చెప్పక్కర్లేదు. పరీక్ష చేయిస్తే నీటి కఠినత్వం లీటరుకు 700 మిల్లీగ్రాములు దాటింది. తాగే నీటికి మన ప్రమాణం 200, వేరే దారి లేకపోతే 600 దాకా. ఆ నీళ్లకు సబ్బు నురగ రాదు, బట్టలు బిరుసెక్కుతాయి, మెషీన్ లోపల హీటరుకు సున్నం పట్టి మందంగా పేరుకుపోతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది అయిదోది. ఒక నెల తిరిగేసరికి ఎవరూ కిందికి దిగడం మానేశారు. బకెట్ లిఫ్టులో పెట్టి పంపితే వాచ్‌మన్ భార్య మెషీన్‌లో వేసి, తీసి, ఆరేసి, మడతపెట్టి పైకి తెచ్చి ఇచ్చేది. జీతం వాచ్‌మన్ ఒక్కడిదే, ఆమెకు ఒక్క రూపాయి లేదు. పద్నాలుగు ఇళ్ల బట్టలు. పైగా ఆమె బట్టలు మాత్రం ఆ మెషీన్‌లో వేసుకోకూడదని ఎవరో చెప్పారట, బయట బండ మీద చేత్తో ఉతుక్కునేది. అది నా కళ్లతో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఉమ్మడి మెషీన్ తెచ్చి ఒక మనిషికి వెట్టిచాకిరీ తగిలించాం. ఏ సంఘమైనా ఇలాంటిది పెట్టుకునేటప్పుడు పని ఎవరు చేస్తారన్నది ముందు రాసుకోవాలి, మెషీన్ ఏ కంపెనీది అన్నది తర్వాత.

రెండోసారి అన్నీ మార్చాం. ముందు గది. కింద పార్కింగ్ చివర పది అడుగులకు పన్నెండు అడుగుల గది కట్టించాం. పాత నేల తవ్వించి, కింద గట్టిగా కాంక్రీటు వేసి, నీళ్లు పోయే తూము వైపు మీటరుకు ఒక సెంటీమీటరు పైన వాలు ఇచ్చి, ఆర్ 11 టైల్స్ వేయించాం. టైల్ వేసేటప్పుడు కింద మొత్తం సిమెంటు పట్టిందో లేదో ప్రతిదీ చెక్క సుత్తితో కొట్టి మోత విని చూశాం, డొల్ల మోత వచ్చినవి అప్పటికప్పుడే తీయించాం. మెషీన్ల కింద నాలుగంగుళాల ఎత్తు దిమ్మె, ప్లగ్గులు నడుము ఎత్తున, ఎర్తింగ్, కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు. రెండు ఫ్రంట్ లోడ్ మెషీన్లు కొన్నాం, ఇవి పైనుంచి బట్టలు వేసే వాటికంటే సగం నీళ్లతోనే ఉతుకుతాయి, మన ఊళ్లో నీటి కరువుకు అది ముఖ్యం. వేరే సబ్ మీటరు పెట్టించాం. నీటి కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టాం. ఈ సాఫ్ట్‌నర్ ఒక్కటి చాలు ఉమ్మడి గది ఎందుకో చెప్పడానికి. ఒక ఇంటికి దాన్ని కొనమంటే ఎవరు కొంటారు? సంఘం కొంటే పద్నాలుగు ఇళ్ల బట్టలూ మెత్తగా వస్తున్నాయి, మెషీన్‌కు సున్నం పట్టడం లేదు. అందులోని రెజిన్ అనే పదార్థం నీటిలో సున్నాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది, రెజిన్ నిండిపోయినప్పుడు ఉప్పు నీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తుంది. ఉప్పు శుభ్రంగా ఉండాలి, ఇసుక, మట్టి ఉంటే పాడవుతుంది. ఉప్పుకు మనకేం కరువు, ఉప్పు పండే చినగంజాం మొన్న 2022 దాకా మన జిల్లాలోదే.

డబ్బు లెక్క ఇది. ఒక్కో ఇల్లు వారానికి నాలుగు వాయిల బట్టలు వేస్తుంది. పద్నాలుగు ఇళ్లకు 56, అంటే రోజుకు ఎనిమిది, మెషీన్‌కు నాలుగు. ఒక్కో మెషీన్ 36 వేలు పడింది. ఆరేళ్లు పనిచేస్తుందనుకుంటే ఎనిమిది వేల ఏడు వందల వాయిలు, వాయికి నాలుగు రూపాయల చొప్పున పక్కన పెడుతూ పోతే ఆరేళ్ల తర్వాత ఎవరినీ పెద్దగా చందా అడగకుండా కొత్తది కొనొచ్చు. కరెంటు, ఉప్పు, రిపేర్లు, శుభ్రం చేసినందుకు ఇచ్చే డబ్బు కలిపి వాయికి పదిహేను రూపాయలు పెట్టాం. వాడినవాళ్లే కడతారు. ఆ నాలుగు రూపాయలు వేరే ఖాతాలో పడతాయి, లిఫ్టు చెడిపోయినా, మోటారు కాలినా ఆ ఖాతా ముట్టకూడదని సర్వసభ్య సమావేశంలో రాసుకున్నాం. చాలా సంఘాల్లో ఉమ్మడి వస్తువులు పాడవడానికి కారణం వాడకం కాదని నా అనుభవం, కొన్న రోజు నుంచే దాని తర్వాతి దానికి డబ్బు దాచకపోవడం. గది తలుపు దగ్గర దారం కట్టిన పెన్సిలు, నోటుబుక్కు ఉంటాయి, రెండేసి గంటల చొప్పున రాసుకోవాలి, ఇంటికి ముందుగా రెండు సార్లకు మించి రాయకూడదు. ఎవరి బట్టలు వాళ్లే వేసుకోవాలి. ఒంట్లో బాగోలేని వాళ్లకు, ముసలివాళ్లకు సాయం కావాలంటే వాచ్‌మన్ భార్య చేస్తుంది, వాయికి ఇరవై రూపాయలు ఆమె చేతికే ఇవ్వాలి. ఆమెకు గురువారం, శనివారం సాయంత్రాలు ఆమె పేరు మీద నోటుబుక్కులో ఉన్నాయి. దీని మీద ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు, ఓటు పెట్టాం, 17 మంది ఒప్పుకున్నారు.

గ్రైండరు కథ ఇంకా తెగలేదు. పెద్ద వెట్ గ్రైండరు, పిండి మర కూడా ఆ గదిలో పెడదామని నా కోరిక. సంక్రాంతికి అరిసెల పిండి కోసం తడి బియ్యం పట్టుకుని మిల్లు దగ్గర నిలబడే లైను చూస్తే తెలుస్తుంది, ఎండాకాలం ఆవాలు, కారం పట్టించేటప్పుడూ అంతే. ఇంట్లో చిన్న మిక్సీలో అంత పిండి పట్టలేం, రాత్రిపూట పట్టామంటే కింద ఇంటి పసిబిడ్డ లేస్తుంది. కానీ బట్టల మెషీన్‌కు లేని అభ్యంతరం గ్రైండరుకు వచ్చింది. ఎవరు రుబ్బిన తర్వాత మేం రుబ్బాలి అన్నారు. కొందరికి నిజంగా మడి, ఉల్లి వెల్లుల్లి పట్టింపు ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను, వాళ్లు ఇంట్లో రుబ్బుకోవచ్చు. కానీ అందరి మాటా అది కాదు. ఒకే ఆఫీసుల్లో పక్కపక్కన కూర్చుని పనిచేసి, ఒకే సంఘంలో సమానంగా వాటా డబ్బు కట్టి, ఒకే లిఫ్టు ఎక్కేవాళ్లం, పిండి దగ్గరికి వచ్చేసరికి పక్కింటివాళ్ల కులం గుర్తొచ్చిందని నేను నేరుగా అన్నాను. గది అంతా నిశ్శబ్దమైపోయింది. ఒకావిడ ఏడ్చారు, వాళ్ల ఇంటి గురించే ఆ మాటలు నడుస్తున్నాయని ఆవిడకు ముందే తెలుసు. ఇప్పటికి తొమ్మిది ఇళ్లు కలిసి గ్రైండరు కొనుక్కుంటామని ముందుకొచ్చాయి, సంఘం చోటిస్తుంది, పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకానే నడపాలని చెప్పాం.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇది. మన రాష్ట్రంలో ఇళ్ల సంఘాలు 1964 సహకార చట్టం కిందో, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో నడుస్తున్నాయి. బైలాలు ఎక్కడో ఒక చోట ఉన్నవి నకలు తీసి పేరు మార్చుకుంటారు, మేమూ అదే చేశాం. వాటిలో వాటా ధనం, ఎన్నికలు, ఆడిట్ గురించి పేజీలు ఉన్నాయి, నేల గురించి, ఉమ్మడి మెషీన్ల గురించి మా దాంట్లో ఒక్క మాట లేదు. జిల్లా సహకార అధికారులు కొత్త సంఘం రిజిస్టరు చేసేటప్పుడే తడి పడే చోట్ల ఎలాంటి నేల వేయాలి, ఇంటి లోపల నేల మార్చాలంటే ఎవరిని అడగాలి, ఉమ్మడి గదికి ప్లానులో చోటు ఎంత, ఆ మెషీన్ల నిధి ఎలా దాచాలి అన్నవి బైలాలో రాయమని చెప్పాలి. ప్లాను గీసే రోజు పది అడుగుల గదికి చోటు వదలడం తేలిక. పదేళ్ల తర్వాత పార్కింగ్‌లోంచి ఆ చోటు తీయడానికి మేం పడ్డ గొడవ అంతా ఇంతా కాదు.

కరెంటు గురించి కూడా సంఘాలు తెలుసుకోవాలి. ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టుకోవడానికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో విడి ఇళ్లకే కాకుండా ఇళ్ల సొసైటీల ఉమ్మడి అవసరాలకు కూడా సబ్సిడీ ఉంది, కిలోవాట్‌కు 18 వేల రూపాయలు, ఇంటికి మూడు కిలోవాట్ల లెక్కన 500 కిలోవాట్ల దాకా. మాలాంటి బిల్డింగు అయిదు కిలోవాట్లు పెట్టుకుంటే 90 వేలు వస్తుంది. మన ఎండలకు కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, ఇరవై యూనిట్లంటే రెండు మెషీన్లు, సాఫ్ట్‌నర్, వరండా లైట్లు నడిచి ఇంకా మిగులుతుంది. మేం దరఖాస్తు పెట్టే పనిలో ఉన్నాం.

ఇంకో మాట. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ప్రభుత్వం పట్టణ పేదల కోసం కట్టించిన టిడ్కో ఇళ్లు ఉన్నాయి, 300, 365, 430 చదరపు అడుగులవి. అవి సహకార సంఘాల ఇళ్లు కావు, అయినా మూడంతస్తుల మీద ఒకే మెట్ల దారి చుట్టూ బతికే కుటుంబాలు అవీ. 300 అడుగుల ఇంట్లో వాషింగ్ మెషీన్ పెడితే పిల్లలు చదువుకునే చోటు పోతుంది. మా తోటి టీచరు ఒకావిడ అలాంటి ఇంట్లోనే ఉంటుంది, వర్షాకాలం బట్టలు ఆరక గదిలోనే తాళ్లు కట్టి ఆరేసుకుంటున్నామని, గోడలకు చెమ్మ పట్టిందని చెప్పింది. బ్లాకుకు ఒక గది ఇచ్చి, రెండు మెషీన్లు పెట్టి, నిర్వహణ అక్కడి ఆడవాళ్ల పొదుపు సంఘానికి అప్పగిస్తే వాళ్లు మాకంటే బాగా నడుపుతారు. నెలనెలా పొదుపు పుస్తకాలు రాసే వాళ్లకు పదిహేను రూపాయల లెక్క ఒక లెక్కా? మున్సిపల్ అధికారులు దీన్ని ఆలోచించాలి.

మా గది చూడాలనుకునే సంఘాల వాళ్లు, బ్లాకుల వాళ్లు ఎవరైనా రావచ్చు. తీర్మానాల నకళ్లు, బట్టల గది నోటుబుక్కు పేజీలు, టైల్స్ కొన్న బిల్లులు అన్నీ చూపిస్తాను, గరుకు కొట్టించిన వరండా మీద నీళ్లు పోసి నడిచి చూడొచ్చు. మీ కార్యాలయంలో నా ఫోన్ నంబరు ఇచ్చాను. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా నోటుబుక్కు నిండి ఉంటుంది.

ఇట్లు,
ఒక సహకార గృహ నిర్మాణ సంఘం కోశాధికారి,
ఒంగోలు.